తువ్వాలు కింద బేరం

ఓడలో పైనుంచి రెండో అంతస్తు. మధ్యాహ్నం. వరసగా వేసిన వాలుకుర్చీల్లో ఉల్లిపాయల మండీ యజమాని, ఆయన భార్య, ఆమె తమ్ముడు. నాలుగు వైపులా నీళ్ళు.

"ఇంకోసారి చూడు."

"చూశాను బావా. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఇవాళంతా నడిసముద్రమే, ఏ రేవులోనూ ఆగేది లేదని పొద్దున్నే మైకులో చెప్పారుగా."

"ఆ రైలింగు దగ్గరికి పోయి చూడు. అక్కడ కాస్త ఎత్తుగా ఉంది."

"ఎత్తుకీ దీనికీ సంబంధం లేదు బావా."

"ఏమండీ, వాణ్ణి కూర్చోనివ్వండి. పొద్దుట్నుంచీ ఫోను చేతికిచ్చి ఓడంతా తిప్పుతున్నారు. చూసేవాళ్ళు వీడేదో పారేసుకున్నాడని వెతకడానికి సాయం కూడా వచ్చారు."

"మండీ తెరిచే వేళ దాటిపోయిందే. లోడు దిగే ఉంటుంది. తడి సరుకు వచ్చిందో, పొడి సరుకు వచ్చిందో…"

"ఏదొస్తే అదొస్తుంది. మీరిక్కణ్ణించి ఊదితే ఆరుతుందా?"

"విన్నావురా బావమరిదీ, మీ అక్క వెటకారం?"

"నన్ను లాగకు బావా మధ్యలోకి."

"ఆ మైకులో అమ్మాయి ఎంత ముద్దుగా చెప్పిందండీ! 'ఈ రోజు మీకు పూర్తి విశ్రాంతి. సముద్రాన్ని చూస్తూ హాయిగా గడపండి' అని. మనింట్లో నాకు ఆ మాట చెప్పినవాళ్ళు లేరు ఇంతవరకూ."

"ఏం చూడాలే? పొద్దున చూశా, నీళ్ళు. భోంచేసొచ్చి చూశా, అవే నీళ్ళు. సరుకు మార్చకుండా ఇంత పెద్ద కొట్టు తెరిచి పెట్టుకున్నాడు దేవుడు."

"మీరు మాత్రం ఏం మార్చారు? నేను కాపరానికొచ్చిన రోజూ ఉల్లిపాయలే, ఇవాళా ఉల్లిపాయలే. ఒక్క సుఖం మాత్రం ఉందిలెండి. ఉల్లిపాయల ఇంట్లో ఆడది ఎంత ఏడ్చినా ఎందుకని అడిగేవాడుండడు."

"ఎప్పుడు ఏడ్చావే నువ్వు?"

"అదే నేననేది. అవునూ, నిన్న వంటింట్లోకి తొంగిచూశారట?"

"తొంగిచూడటమేంటి, అడిగే వెళ్ళా. ఉల్లిపాయ ఒలిచే తీరు చూడాలి నువ్వు! రెండేసి మూడేసి పొరలు తీసి బుట్టలో పారేస్తున్నారు. మంచి పొరలు! ఇంత చేతకానోళ్ళు ఇంత ఓడని ఎలా నడుపుతున్నారో నాకర్థం కావట్లేదు."

"అందుకే ఆ వంటాయన మిమ్మల్ని చూస్తే తలుపేసుకుంటున్నాడు."

"వేసుకోనీ. మనం కట్టినదాంట్లోదే ఆ బుట్ట కూడా. నువ్వు మాత్రం తక్కువా? ఎక్కినప్పట్నుంచీ ఒక్కపూట కడుపునిండా తిన్నావా? ఇవాళ నీ పళ్ళెం కూడా నేనే ఖాళీ చేశా."

"నా వాటా మీరు తిన్నారుగా. ఓడవాళ్ళకేం మిగల్లేదు. ఊరుకోండి."

"అక్కా, డాన్సు క్లాసు టైమయింది."

"ఆ, పోతున్నా. మీరూ రండి. జంటలుగా నేర్పుతారట."

"ఈ వయసులోనా? ఈ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళేం కాదు. మండీలో బస్తాల గుట్ట ఎక్కి దిగేటప్పుడు రాని నొప్పి నాతో నాలుగడుగులు వెయ్యమంటే వస్తుంది."

"వీణ్ణి తీసుకెళ్ళు."

"తమ్ముణ్ణి పట్టుకుని డాన్సెవరు చేస్తారండీ? మన పక్క గదిలో రిటైరైన టీచరమ్మ ఉందిగా, ఆవిడకీ జంట లేదు. మేమిద్దరం చేస్తాం. ఇదిగో, ఆ తువ్వాలేంటి ఇద్దరి మధ్యా పరిచారు? ఇక్కడ కూడా మొదలెట్టారా?"

"గాలికి కప్పుకున్నామే."

"నాకు చెప్పకండి. ఓడవాళ్ళు ఈత కొట్టి తుడుచుకోమని ఇచ్చిన తువ్వాలు అది. మీరు దాన్ని కూడా మండీ చేసేస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా కదా. అమ్మేవాడు, కొనేవాడు తువ్వాలు కింద చేతులు పెడతారు. ఒకడి వేళ్ళు ఇంకొకడు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత రేటు. పైకి మాత్రం, చుట్టూ ఉన్నవాళ్ళకి అనుమానం రాకుండా, 'ఈ ఏడు వానలెలా ఉన్నాయి?' 'ఏం వానల్లెండి'. కాఫీ తెచ్చిచ్చిన నాకు కూడా వానలే వినిపించేవి."

"వ్యాపారం అంతే మరి. పక్కవాడికి రేటు తెలిస్తే అక్కడితో పోయింది."

"నేను పక్కదాన్నా?"

"అబ్బా, మాట వరసకన్నానే."

"నాతో కూడా ఒక్కసారి ఆ బేరం ఆడండి అని పెళ్ళైన కొత్తలో అడిగాను. గుర్తుందా? నవ్వారు."

"నవ్వనా మరి? నీతో ఏం బేరం? నువ్వేం అమ్ముతావు?"

"అప్పుడూ ఇదే మాటన్నారు. సరే, వస్తా. ఒరేయ్ తమ్ముడూ, మీ బావని కనిపెట్టుకుని ఉండు. చిన్న పడవ ఉంటే దింపండి, పోయొస్తానని కెప్టెన్ దగ్గరికి పోగలడు."

"పొద్దునే అడిగాడక్కా."

"అడిగేశారా! ఏమన్నాడు?"

"ఏమంటాడు, నవ్వాడు. నువ్వు పోవే నీ డాన్సుకి."

"పోతున్నా, పోతున్నా."

"…వెళ్ళిందా?"

"మెట్లెక్కుతోంది బావా."

"ఎందుకంత నెమ్మదిగా ఎక్కుతోంది?"

"ఓడ ఊగుతోందిగా."

"నాకేం ఊగుతున్నట్టు లేదు."

"ఊగుతోంది బావా. నువ్వు కూర్చున్నావు కాబట్టి తెలీట్లేదు."

"సరే. ఇప్పుడు చెప్పు."

"ఏం చెప్పను?"

"కొట్టు ఎవరికి అమ్మారు?"

"ఏంటి బావా?"

"కొట్టు. మండీలో మన కొట్టు. నువ్వూ మీ అక్కా కలిసి ఎవరికి అమ్మారు?"

"నీకు ఎండ దెబ్బ తగిలింది. నీడలోకి జరుగు."

"నీడలోనే ఉన్నా. విను. నేను ఒక్కొక్కటే చెప్తా. తప్పయిన చోట ఆపు. మీ అక్క పెళ్ళైనప్పట్నుంచీ నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళమని అడిగిన మనిషి కాదు. ఉన్నట్టుండి ఓడ ఎక్కుదామంది. అది కూడా మధ్యలో ఒక రోజంతా ఎక్కడా ఆగని ఓడే కావాలంది. అవునా?"

"అవును."

"బీరువా తాళాలు కోడలికిచ్చేసింది. ఏ డబ్బాలో ఏముందో, పాలవాడికెలా చెప్పాలో, నేను మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, అన్నీ దాన్ని పక్కన నిలబెట్టి నేర్పుతోంది. మోకాళ్ళనొప్పులు, ఇంక నావల్ల కాదంది. అవునా?"

"అలాగే అంది."

"మోకాళ్ళనొప్పి మనిషి ఇప్పుడు డాన్సుకెందుకెళ్ళింది?"

"…"

"ఆపలేదు నువ్వు. సరే. వారం వారం పొద్దున్నే నువ్వు మండీకి డుమ్మా కొడుతున్నావు. అడిగితే పళ్ళ డాక్టరన్నావు. నీ నోట్లో పళ్ళన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటి పీకించుకున్నట్టు లేదు, ఒక్కటి కట్టించుకున్నట్టు లేదు. ఆ పూటే మీ అక్క కూడా ఇంట్లో ఉండట్లేదు. నేను గదిలోకి రాగానే మీరిద్దరూ మాట ఆపేస్తున్నారు. ఇదుగో, ఇప్పుడు కూడా నువ్వు నా మొహం చూడకుండా నీళ్ళవైపు చూస్తున్నావు."

"సముద్రం చూడమన్నారుగా బావా."

"వెటకారం వద్దు. ఆ కోల్డ్ స్టోరేజీ వాడు ఎప్పట్నుంచో మన కొట్టు మీద కన్నేశాడు. ముసలాడు వినడు, వీణ్ణి నడిసముద్రంలో కూర్చోబెడితే ఫోను కూడా ఉండదు, ఆ రోజే తాళం మార్చేద్దాం అనుకున్నారు. ఇదీ నా లెక్క. ఎక్కడైనా తప్పుందా?"

"కూడిక తప్పు లేదు బావా. ఒక్కటీ వదల్లేదు నువ్వు. మొత్తమే తప్పు వేశావు."

"అయితే మొత్తం నువ్వే వెయ్యి."

"ఇంటికెళ్ళాక."

"ఇప్పుడు."

"రేవు రానీ బావా. ఇంటికెళ్ళి నింపాదిగా…"

"నింపాదిగా వినే మనిషినా నేను? నిన్ను చిన్నప్పుడు గల్లా దగ్గర కూర్చోబెట్టి వ్యాపారం నేర్పినవాణ్ణి. నాకు చెప్పకుండా నువ్వొక బస్తా కదిపినా తెలుస్తుంది. చెప్పు."

"నోటితో చెప్పలేను."

"ఎందుకు చెప్పలేవు?"

"ఏడుస్తాను బావా. చుట్టూ ఇంతమంది ఉన్నారు."

"ఏడ్చేంత తక్కువకి అమ్మేశారట్రా?"

"చెయ్యి ఇలా పెట్టు. తువ్వాలు కింద."

"ఇదుగో. పట్టుకో."

"…"

"ఒకటి, రెండు… నాలుగు. నాలుగా? ఒరేయ్, నాలుగేంట్రా! ఆ స్థలానికి నాలుగేంటి! గోడలకొస్తుంది నాలుగు! నన్నడిగితే…"

"గట్టిగా అరవకు. రేటు కాదు బావా."

"మరి?"

"నెలలు."

"ఏం నెలలు? ఖాళీ చెయ్యడానికా?"

"డాక్టరు చెప్పాడు. నాలుగు నెలలని."

"పళ్ళ డాక్టరా?"

"పళ్ళ డాక్టరు కాదు బావా. పళ్ళ డాక్టరెవడూ లేడు. పెద్దాసుపత్రి."

"…ఒరేయ్."

"ఊఁ."

"నీకేంట్రా? అంత కష్టం పెట్టుకుని, నేను ఫోను చూడు, ఫోను చూడు అని నిన్ను ఓడంతా తిప్పానేంట్రా! చెప్పకూడదా? కొట్టు పోతే పోయింది. నిజంగానే అమ్మేద్దాం. ఆ కోల్డ్ స్టోరేజీ వాడికే ఇచ్చేద్దాం. ఎక్కడ పెద్ద వైద్యం ఉంటే అక్కడికి తీసుకెళ్తా నిన్ను. నా కొడుకు కంటే ఎక్కువరా నువ్వు నాకు. ఏడవకు. ఏడవకు, నేనున్నా."

"నాకు కాదు బావా."

"ఏంటి?"

"నాకు కాదు."

"మరి ఎవరికి?"

"బావా…"

"ఎవరికిరా?"

"పైన డాన్సు నేర్చుకుంటోంది. ఇదుగో, కాసిన్ని నీళ్ళు తాగు. బావా, నా వైపు చూడు."

"లే."

"ఎక్కడికి?"

"కెప్టెన్ దగ్గరికి. ఓడ వెనక్కి తిప్పమందాం."

"తిప్పడు బావా."

"ఎందుకు తిప్పడు? ఎంతడిగితే అంతిస్తా. ఇంతమంది ఉన్నారంటాడా, అందరికీ నేనే కట్టుకుంటా."

"ఇది మన లారీ కాదు. కూర్చో."

"ఓడలో డాక్టరుంటాడుగా?"

"ఉన్నాడు. వాంతులొస్తే మాత్రలిస్తాడు."

"ఫోను తీయి. పెద్దాసుపత్రికి చెయ్యి. నేను మాట్లాడతా."

"సిగ్నల్ లేదు బావా. పొద్దుట్నుంచీ నువ్వే చూస్తున్నావుగా."

"…అవును. లేదు."

"కూర్చో. చెయ్యి ఇలా ఇవ్వు."

"ఏంటట?"

"లివర్. పాకిపోయిందట. ఒక్కడి మాట కాదు, ముగ్గురికి చూపించాం. కోసినా లాభం లేదన్నారు. నొప్పి తెలీకుండా మందులిచ్చారు. తిరగాలనుకుంటే ఇప్పుడే తిరగమన్నారు."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైనప్పట్నుంచి. కడుపులో నొప్పిగా ఉందని నీకే ముందు చెప్పబోయింది."

"నేనేమన్నా?"

"ఆ వారం రేటు ఎక్కింది బావా. సాయంత్రం చెప్దువులే అన్నావు."

"సాయంత్రం చెప్పలేదే?"

"నువ్వొచ్చేసరికి పడుకుంది."

"బస్తా ఎదురుగా పెడితే, ముట్టుకోకుండా, ఇందులో తరుగెంతో చెప్తాను నేను. మండీ అంతా పందెం కాసి ఓడిపోయేవాళ్ళు నా దగ్గర. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"దాని ఉంగరానికి దారం చుట్టుకుంది. జారిపోతోందని. నా కళ్ళముందే కూర్చుని చుట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నా. దారం ఎర్రది దొరకలేదా, తెల్లది మాసిపోతుంది అన్నా. అంతే అన్నా, ఒరేయ్."

"వదిలెయ్ బావా."

"ఇంట్లో తరుగు నాకు కనపడలేదు."

"మాకు మాత్రం కనపడిందా? డాక్టరు చెప్తేనేగా."

"దానికి తెలుసా?"

"తెలీదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. అక్కకి మాత్రం లోపల పుండు పడింది, మందులతో మానుతుందని చెప్పాం."

"నమ్మిందా?"

"నమ్మింది. 'ఇంతేనా, దీనికా ఇంత హడావిడి' అని నవ్వింది కూడా. దార్లో జామపళ్ళు కొనుక్కుంది."

"తెలీకూడదు."

"తెలీదు బావా."

"ఇంకెవరికీ చెప్పకు. నాకు చెప్పినట్టు కూడా చెప్పకు. …ఐదు చెయ్యి."

"ఏంటి?"

"ఐదు. ఇదుగో నా చెయ్యి. బొటనవేలు కూడా కలిపి పట్టుకో."

"బావా, పిచ్చిమాటలు మాట్లాడకు."

"ఆరు అనట్లేదు నేను. ఏడాది అడగట్లేదు. ఐదే. ఒక్క వేలు. ఎప్పుడైనా నిన్ను ఒక్క వేలు పెంచమని అడిగానా?"

"నా చేతుల్లో లేదు బావా."

"నీ చేతుల్లో లేకపోతే ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు. నేను మాట్లాడతా. మండీ అంతా కుదరదన్న బేరాలు కుదిర్చానా లేదా? లే, తీసుకెళ్ళు."

"బేరం ఆడాలంటే తువ్వాలు అటువైపు ఒక మనిషుండాలిగా బావా. ఎవరూ లేరు. కళ్ళు తుడుచుకో. ఆ చివర కుర్చీలో పెద్దాయన మనల్నే చూస్తున్నాడు."

"ఒరేయ్, నీ వేళ్ళు నాకు తెలుసు."

"అంటే?"

"నువ్వు మొదట పట్టుకున్న రేటు ఎప్పుడూ అసలు రేటు కాదు. నేనే నేర్పా నీకు, పెంచి చెప్పి దిగమని. నిజం చెప్పు. నాలుగేనా?"

"నాలుగే."

"నా వైపు చూసి చెప్పు."

"అక్కొస్తోంది బావా."

"అప్పుడేనా? నవ్వు. నవ్వరా."

"నవ్వుతున్నా."

"అలా కాదు. పంటి నొప్పి వచ్చినవాడిలా ఉన్నావు."

"నీ మొహం ముందు సరిచేసుకో."

"…ఏమే, అప్పుడే అయిపోయిందా?"

"మధ్యలోనే వచ్చేశా. టీచరమ్మకి ఆయాసం వచ్చింది."

"టీచరమ్మకా?"

"ఆ, ఆవిడకే. ఉండండి, కాస్త కూర్చోనివ్వండి. …హమ్మయ్య. మూడడుగులు ముందుకి, ఒకటి వెనక్కి. అంతేనండీ ఆ డాన్సు. నేర్చేసుకున్నా. ఏంటి ఇద్దరి మొహాలూ అలా ఉన్నాయి?"

"ఏం లేదక్కా. గాలి. కళ్ళలో ఉప్పు పడుతోంది."

"చేతులింకా తువ్వాలు కిందే ఉన్నాయే! ఏం మాట్లాడుకుంటున్నారు?"

"వానల గురించే."

"వానలంటే బేరమేగా. ఏం సరుకు?"

"ఏదోలే. పాత సరుకు."

"ఎంతంటున్నాడు వీడు?"

"నాలుగంటున్నాడు."

"మీరేమన్నారు?"

"ఇంకొకటి పెంచమన్నా."

"కొనేవాడు రేటు పెంచమనడం నేనిప్పుడే వింటున్నా."

"అక్కా, అదీ… బావ ఉద్దేశం…"

"తమ్ముడూ, పోయి మూడు కాఫీలు పట్రా. నాకు చక్కెర వద్దు."

"అక్కా, ఇప్పుడే కదా తాగాం."

"పట్రారా. హడావిడేం లేదు, నెమ్మదిగా రా. లైను ఉంటే లైనులో నిలబడు."

"…సరే అక్కా."

"వాణ్ణెందుకు పంపించావే?"

"వాడి కుర్చీ కావాలి నాకు. జరగండి కాస్త. ఆ తువ్వాలు ఇటు లాగండి. ఊఁ, ఇప్పుడు చెయ్యివ్వండి."

"నీకెందుకే ఇదంతా?"

"పెళ్ళైన కొత్తలో అడిగానుగా. ఇవాళైతే కొట్టూ లేదు, ఫోనూ లేదు, లేచి వెళ్ళిపోదామంటే చుట్టూ నీళ్ళు. అందుకేగా ఈ ఓడే కావాలన్నది. చెయ్యివ్వండి. అబ్బ, ఇంత చల్లగా ఉందేంటి?"

"గాలికి."

"మీ బావమరిది మంచివాడే కానీ, మొదట్నుంచీ పెంచి చెప్పే మనిషి. వాడి రేటు పట్టుకుని కూర్చోకండి."

"నీకేం తెలుసే రేటు గురించి?"

"సరుకు నాదండీ. అసలు రేటు నాకు తెలీదా? వాడు బయట మాట్లాడొచ్చాక, నేను మళ్ళీ లోపలికెళ్ళి నిలబడి అడిగా. వేళ్ళు విప్పండి. ఇదుగో."

"…ఏమే. ఏమే, ఇదేంటే, రెండే పట్టుకున్నావు?"

"పైకి వానల గురించి మాట్లాడండి. జనం చూస్తున్నారు."